గ్రెయిల్ పిన్ అంటే ఏది? చెన్నైలో బ్యాడ్జీలు సేకరించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పిన్ను, బ్యాడ్జీ, బిళ్ల అనే మూడు మాటలూ ఈ పేజీలో కనిపిస్తాయి. చొక్కాకో కోటుకో గుచ్చుకునే చిన్న ఎనామెల్ ముక్క పిన్ను. ఏదైనా సంస్థకో పదవికో గుర్తుగా ఇచ్చింది బ్యాడ్జీ. బంట్రోతు నడుంపట్టీ మీద, రైల్వే కూలీ జబ్బ మీద ఉండే ఇత్తడి రేకు బిళ్ల. మన భాషలో "బిళ్ల బంట్రోతు" ఊరికే పుట్టలేదు. సేకర్తలు అన్నిటికంటే ఎక్కువగా కోరుకుని, ఏళ్ల తరబడి వెతికే పిన్నును గ్రెయిల్ అంటారు.

గ్రెయిల్ అంటే అరుదైన పిన్ అనే కదా?

కాదు. మాంబళంలో ఒక కాలనీ క్రికెట్ జట్టు ముప్పై పిన్నులు చేయించుకుందనుకోండి. అంతకంటే అరుదు ఏముంటుంది? కానీ ఆ జట్టువాళ్లు తప్ప ఎవరూ అడగరు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ర్యాపర్ స్నూప్ డాగ్ పంచిన పిన్ను, ఆయన వదిలే పొగ అయిదు ఒలింపిక్ వలయాలుగా మారుతున్నట్టు చేసినది, ఆటగాళ్లే వెంటపడి అడిగిన వస్తువైంది.

ఒక పిన్ను గ్రెయిల్ కావాలంటే అది తక్కువగా మిగిలి ఉండాలి, దాన్ని కోరేవాళ్లు చాలామంది ఉండాలి, చేతికొచ్చినవాళ్లు వదలకూడదు. మొదటి రెండూ అందరికీ తెలుసు. మూడోదాన్ని కొత్తవాళ్లు లెక్కలోకి తీసుకోరు. 300 చేసిన పిన్ను దుకాణంలో అమ్మితే వాటిలో కొన్ని ఏటా చేతులు మారుతుంటాయి. అదే 300 ఒక కార్ఖానాలో పాతికేళ్లు పనిచేసినవాళ్లకు ఇచ్చి ఉంటే, అవి పూజగదిలోనో బీరువా లాకర్లోనో ఉండిపోతాయి. రెండూ అంకెల్లో ఒకటే. బజారులో మాత్రం మొదటిది దొరికే సరుకు, రెండోది దొరకని సరుకు.

"ఎల్.ఇ. 300" అని వెనక ఉంది. నమ్మొచ్చా?

ఎల్.ఇ. అంటే పరిమిత సంఖ్యలో చేసినది. ఓ.ఇ. అంటే అమ్ముడవుతున్నంత కాలం చేస్తూ పోయేది. ఎ.పి. అనేది కళాకారుడికోసం విడిగా తీసిన కాపీలకు వేసే గుర్తు, పి.పి. అనేది అసలు తయారీకి ముందు రంగులూ పూతా సరిచూసుకోవడానికి చేసిన నమూనాకు. ఎ.పి., పి.పి.లు సాధారణంగా ప్రకటించిన సంఖ్యలోకి రావు. కాబట్టి "300" అన్నచోట లోకంలో 300 కంటే కొన్ని ఎక్కువే ఉంటాయి.

పి.పి.లో అసలు పిన్నుకు లేని రంగు ఉంటే దాని విలువ వేరు. రంగూ పూతా అన్నీ ఒకటే అయి వెనక గుర్తు మాత్రమే మారితే, దానికి రెట్టింపు ఇవ్వడం మా దృష్టిలో తొందరపాటు.

ఇంకో తేడా చూడండి. "ఎల్.ఇ. 300" అని అచ్చులోనే కొట్టడం వేరు, "47/300" అని ఒక్కో దానికీ విడిగా చెక్కడం వేరు. అచ్చులో ఉన్న అంకె, ఆ అచ్చు ఉన్నంతకాలం ఎన్ని కొట్టినా వస్తూనే ఉంటుంది. విడిగా చెక్కిన నంబరైతే ఒకే నంబరు రెండుచోట్ల కనబడగానే దొంగ బయటపడతాడు.

పిన్ను చేతికివ్వగానే ముందు ఏం చూడాలి?

తిప్పి వెనక చూడండి. ముందు వైపు అందరూ చూస్తారు కాబట్టి నకలు చేసేవాడి శ్రద్ధంతా అక్కడే ఉంటుంది. వెనక వైపున తయారీదారు ముద్ర, ముల్లు అతికిన తీరు, పూత, సంఖ్య, సంవత్సరం కనిపిస్తాయి. కొత్త పిన్నులకు సన్నటి ముల్లు, దాన్ని పట్టుకునే సీతాకోకచిలుక ఆకారపు ఇత్తడి బిగింపో రబ్బరు బిగింపో ఉంటుంది. బిగింపు ఎవరైనా మార్చి ఉండొచ్చు కనుక దాన్నిబట్టి కాలం కట్టకండి. ముల్లు మాత్రం ఒంటితో పుట్టింది. పాతవాటికి కోటు కాజాలో దూర్చే గుర్రపునాడా ఆకారపు పట్టీయో, మరచుట్టు బిగింపో, బ్రూచ్ లాంటి అడ్డ ముల్లో ఉంటుంది. టోపీకి పెట్టే సైనిక బ్యాడ్జీలకు రెండు చెవులూ వాటిలో దూర్చే కాటర్ పిన్నో, నిలువు స్లైడరో ఉంటుంది.

సంచిలో ఉండాల్సిన పరికరాలు నాలుగు: పది రెట్లు చూపే లూప్ (చిన్న భూతద్దం), పొడవూ మందమూ కొలిచే డిజిటల్ వెర్నియర్, 0.01 గ్రాము వరకు చూపే జేబు తూకం, చిన్న అయస్కాంతం. అయస్కాంతానికి అతుక్కుంటే ఇనుము. ఇత్తడి, రాగి, జింక్ మిశ్రమం, అల్యూమినియం అతుక్కోవు. అతుక్కున్నంత మాత్రాన నకిలీ అనుకోకండి, చవగ్గా చేయించే అసలు పిన్నులు ఎన్నో ఇనుప రేకువే. పాత ఇత్తడి బ్యాడ్జీ అని చెప్పి ఇచ్చినది అతుక్కుంటేనే అనుమానించాలి.

పోతపోసిన నకలును ఎలా పట్టుకోవాలి?

వెర్నియర్ పని ఇక్కడే. అసలు బ్యాడ్జీ ఉక్కు అచ్చు కింద పెట్టి కొట్టినది. నకలు చేసేవాడు అసలు దానితో మూస తీసి లోహం పోస్తాడు. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, అందుకే పోత నకలు అసలు దానికంటే ఒకటి రెండు శాతం చిన్నదవుతుంది. 30 మిల్లీమీటర్ల బ్యాడ్జీలో ఇది 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల తేడా. కంటికి ఆనదు, వెర్నియర్ చెబుతుంది. లూప్‌తో చూస్తే అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తగా, గుంతల్లో సూది మొన గుచ్చినట్టు చిన్న రంధ్రాలతో ఉంటాయి. అంచు చుట్టూ ఆకురాయితో రాసిన గీతలున్నా అనుమానించండి.

కొలతలు పోల్చడానికి నమ్మకమైన అసలు ముక్క ఒకటి కావాలి. అందుకే తోటి సేకర్తల దగ్గర ఉన్నవాటి పొడవు, వెడల్పు, మందం, బరువు రాసిపెట్టుకోండి. ఫొటోలు పోగుచేయడం కంటే ఇది ఎక్కువ అక్కరకొస్తుంది.

హార్డ్ ఎనామెల్, సాఫ్ట్ ఎనామెల్, క్లోయిజొనే: వీటిని వేలితో తడిమి చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. సాఫ్ట్ ఎనామెల్‌లో రంగు లోహపు గట్ల మధ్య పల్లంలో ఉంటుంది, వేలికి గరుకు తగులుతుంది. ముందు పూత వేసి తర్వాత రంగు నింపుతారు కాబట్టి ఏ పూతైనా కుదురుతుంది. హార్డ్ ఎనామెల్‌లో రంగు నింపి, కాల్చి, గట్టుతో సమానమయ్యేదాకా సానపట్టి, ఆ తర్వాత పూత వేస్తారు. పలక మీద రాసినంత నున్నగా ఉంటుంది.

ఈ రెండింటిలోనూ వాడేది రెసిన్ రంగే. అసలైన క్లోయిజొనే వేరు. అందులో గాజు పొడిని రాగి మీద నింపి 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిమిలో కరిగిస్తారు. మన మీనా పనికి దగ్గరి చుట్టం. లూప్ కింద గాజు లోతు కనిపిస్తుంది, అక్కడక్కడ ఆవగింజలో పదో వంతు గుంతలుంటాయి, పెదవికి ఆనిస్తే చల్లగా తగులుతుంది. సూదితో గీకి చూడమని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా పాటించినవాళ్ల పిన్నుల మీద గీతలు మిగిలాయి.

నాలుగో రకం మన దగ్గర ఎక్కువ: అచ్చువేసిన కాగితమో రేకో పెట్టి, పైన ఎపాక్సీ (గట్టిపడే జిగురు) బుడగలా పోసినది. స్కూళ్ల బ్యాడ్జీలు, సంఘాల బ్యాడ్జీలు చాలావరకు ఇవే. ఎండకు పసుపెక్కుతాయి. వాటిలో గ్రెయిల్ ఉండదని కాదు, పసుపెక్కనిది దొరకడమే అక్కడ గ్రెయిల్.

"స్క్రాపర్" అంటారు, అదేమిటి?

డిస్నీ పిన్నుల లోకం నుంచి వచ్చిన మాట. అక్కడి పార్కుల్లో పిన్నుల మార్పిడి 1999 అక్టోబరులో, సహస్రాబ్ది వేడుకలతో మొదలైంది. గిరాకీ పెరిగేసరికి తయారీలో పక్కన పడేసినవి, అచ్చు దొంగచాటుగా వాడి కొట్టినవి, పూర్తి నకళ్లు కలిసి బజారుకొచ్చాయి. వీటన్నిటినీ స్క్రాపర్ అనే అంటున్నారు. "యాభై పిన్నులు కలగలుపు, ఒక్కటీ రిపీట్ కాదు" అని చవగ్గా లాట్ కనిపిస్తే అందులో ఎక్కువ భాగం ఇవే.

చూడాల్సినవి: రంగు గట్టు దాటి పొర్లడం, పల్లం నిండకపోవడం, అంచు పదునుగా చేతికి గుచ్చుకోవడం, బరువు తక్కువ. చాలా డిస్నీ పిన్నుల వెనక చిన్న చిన్న మిక్కీ తలల అల్లిక ఉంటుంది. అసలు వాటిలో అది అంచుదాకా సాగుతుంది, నకళ్లలో తరచు అంచుకు ముందే ఆగి చుట్టూ బోడి గీత మిగులుతుంది. ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకండి. మూడు నాలుగు గుర్తులు ఒకచోట కలిస్తే అప్పుడు చెప్పండి.

పాత మద్రాసు బ్యాడ్జీల కాలం ఎలా కట్టాలి?

ఈ ఊరి సేకర్తకు ఉన్న అసలు అదృష్టం ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాం. తక్కువకాలం బతికిన పేర్లు గ్రెయిళ్లను వాటంతటవే పుట్టిస్తాయి. పేరు మారిన తేదీ తెలిస్తే బ్యాడ్జీ ఏ కాలంలోంచి వచ్చిందో తెలుస్తుంది.

కిరీటంతో మొదలుపెట్టండి. 1901 నుంచి 1952 దాకా రాజుల కిరీటం: పై కమానులు గుమ్మటంలా గుండ్రంగా పైకి లేస్తాయి. ఎలిజబెత్ రాణి కాలపు కిరీటంలో కమానులు నడిమధ్య పల్లానికి దిగుతాయి. మనం 1950 జనవరి 26న గణతంత్రమయ్యాం, కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి. కనుక ఎలిజబెత్ కిరీటం ఉన్న "భారత సైన్యపు రెజిమెంటు బ్యాడ్జీ" అని ఎవరైనా ఇస్తే, నవ్వి వెనక్కివ్వండి.

వైమానిక దళానికి "రాయల్" అన్న మాట 1945 మార్చిలో చేరి 1950 జనవరిలో పోయింది. అయిదేళ్లు కూడా నిండలేదు. ఆ మాటతో ఉన్న ముక్కలకు అంత గిరాకీ అందుకే. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1908లో ఆ పేరు తెచ్చుకుంది, 1951 ఏప్రిల్ 14న సౌత్ ఇండియన్ రైల్వే, మైసూరు రైల్వేలతో పాటు దక్షిణ రైల్వేలో కలిసింది. ఆ పేరున్న గుండీ అయినా బిళ్ల అయినా ఆ నలభై మూడేళ్లలోనిదే.

తెలుగువాళ్లకు ప్రత్యేకం ఒకటుంది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న పుట్టి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అయింది. మూడేళ్ల ఒక నెల. "ఆంధ్ర" అని మాత్రమే ఉండి "ప్రదేశ్" లేని ప్రభుత్వ బిళ్ల ఏ శాఖదైనా సరే, పక్కన పెట్టి రెండోసారి చూడండి. అయితే సంఘాలూ బ్యాంకులూ "ఆంధ్ర" అన్న పేరు అంతకుముందూ తర్వాతా వాడాయి, ఆ తికమకలో పడకండి. ఇటువైపు మద్రాసు రాష్ట్రం 1969 జనవరి 14న తమిళనాడు అయింది, నగరం పేరు 1996లో మారింది. 1995 డిసెంబరులో ఇక్కడ జరిగిన దక్షిణాసియా క్రీడల వస్తువుల మీద ఇంగ్లిషులో "మద్రాస్" అనే ఉండాలి. తమిళ లిపిలో మాత్రం "చెన్నై" అంతకు చాలాముందు నుంచీ వాడుకలో ఉంది. కాబట్టి తమిళంలో ఉన్న చెన్నైని చూసి కొత్తదని తోసేయకండి.

పిన్నుతో పాటు అట్టో డబ్బానో ఉంటే చిరునామా చదవండి. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. "మద్రాస్-1" అని మాత్రమే ఉంటే దాదాపుగా అంతకు ముందుది. దాదాపుగా అనడం ఎందుకంటే, పాత అట్టలు మిగిలిపోతే కొట్టువాళ్లు పారేయరు.

తాతగారి రోటరీ, లయన్స్ పిన్నులకు విలువ ఉంటుందా?

సభ్యులందరికీ ఇచ్చిన మామూలు పిన్నుకు పెద్దగా ఉండదు. పదవిని బట్టి ఇచ్చినవి, ఒక సంవత్సరపు క్లబ్బు జిల్లా గవర్నరు పేరు మీద చేసినవి, మహాసభల్లో మార్చుకోడానికి జిల్లాలు చేయించుకున్న లయన్స్ పిన్నులు సెట్లుగా వెతికేవాళ్లున్నారు. రోటరీ చక్రానికి 24 పళ్లు, 6 ఆకులు ఉండాలి. ఇరుసు రంధ్రంలో ఉండే చిన్న గాడి 1920ల మొదట్లో చేరింది. పళ్లు లెక్కపెట్టకుండా కొనకండి.

సోవియట్ బ్యాడ్జీలు మనవాళ్ల ఇళ్లలో అన్ని ఎందుకున్నాయి? అవి గ్రెయిళ్లా?

సోవియట్ పుస్తకాల ప్రదర్శనలు, స్నేహ సంఘాలు, "సోవియట్ భూమి" చందాల రోజులు గుర్తున్నవాళ్లు ఈ ప్రశ్న అడగరు. చాలావరకు తేలికపాటి అల్యూమినియంవి, విపరీతమైన సంఖ్యలో చేసినవి. వెనక కోపెక్కుల్లో ధర కొట్టి ఉంటుంది. చిన్నారి లెనిన్ బొమ్మతో ఎర్ర నక్షత్రం అందంగా ఉంటుంది, కానీ అందరి దగ్గరా ఉంటుంది. గట్టి ఎనామెల్‌తో ఇత్తడి మీద చేసినవి, రెండు దేశాలకూ సంబంధించిన సందర్భాలవి వెతకండి. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ వెళ్లిన సోయుజ్ టి-11 యాత్ర గుర్తులకు ఇక్కడ గిరాకీ ఉంది.

ఒలింపిక్ పిన్నుల్లో ఏవి వెతకాలి?

1896 ఏథెన్స్‌లో ఆటగాళ్లనూ అధికారులనూ గుర్తుపట్టడానికి అట్ట బిళ్లలు ఇచ్చారు, అక్కడ మొదలైంది ఈ అలవాటు. 1980 లేక్ ప్లాసిడ్ నుంచి మామూలు ప్రేక్షకులూ మార్పిడిలో దిగారు. 1988 కాల్గరీలో కోకా-కోలా ప్రత్యేకంగా మార్పిడి కేంద్రమే పెట్టింది. దుకాణంలో అమ్మినవి కాదు, దేశాల ఒలింపిక్ సంఘాలు తమ జట్లకు ఇచ్చినవి, అందులోనూ సంవత్సరం వేసినవి వెతకండి. పత్రికలవాళ్లకు ఇచ్చినవి, ఆతిథ్యం కోసం పోటీపడి ఓడిన నగరాలవి కూడా. టోక్యో పోటీలు 2021లో జరిగినా పిన్నుల మీద 2020 అనే ఉంటుంది, అది తప్పచ్చు కాదు.

ఇదే సూత్రం ఇంటి దగ్గరా పనిచేస్తుంది. 2022 జులై 28 నుంచి ఆగస్టు 10 దాకా మామల్లపురంలో చెస్ ఒలింపియాడ్ జరిగింది. అలాంటి చోట గుర్రం ముఖపు "తంబి" బొమ్మను అందరూ కొంటారు. ఏదో చిన్న దేశపు చెస్ సమాఖ్య జట్టు జేబులో తెచ్చుకున్న నాలుగు పిన్నులే తర్వాత దొరకనివి.

చెన్నైలో ఎక్కడ వెతకాలి?

మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక అక్కడి పాత వస్తువులవాళ్లలో చాలామంది సెంట్రల్ స్టేషను పక్కన అల్లికుళం సముదాయానికి మారారు. పుస్తకాలు, నాణేల మధ్య అప్పుడప్పుడు బ్యాడ్జీలు కనిపిస్తాయి. నాణేల ప్రదర్శనల్లో పతకాల పెట్టెలు తిరగేయండి, అమ్మేవాళ్లకు నాణేల మీదున్న పట్టు వీటి మీద ఉండదు కాబట్టి ధర మీకు అనుకూలంగా ఉండే వీలుంది. కొత్త తరం కళాకారుల పిన్నులకైతే నందంబాక్కం ట్రేడ్ సెంటర్లో 2024 నుంచి జరుగుతున్న కామిక్ కాన్ (కామిక్స్ అభిమానుల ప్రదర్శన). పుదుపేటలో పాత బండ్ల ముందు లోగోలు దొరుకుతాయి, అది వేరే పిచ్చి.

కొనేముందు కన్ను అలవాటు పడాలంటే ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో నాణేలు, పతకాల గదిలో ఒక పూట గడపండి. పెరంబూరు ఐసీఎఫ్ దగ్గరి రైల్ మ్యూజియం కూడా.

ధర ఎలా తేల్చుకోవాలి?

అడిగే ధర వేరు, తెగిన ధర వేరు. ఈబేలో "సోల్డ్" అని వడకట్టి, అమ్ముడైనవాటి ధరలే చూడండి. ఒక్క అమ్మకం చూసి ధర కట్టకండి, ఇద్దరు పంతానికి పోతే వేలం ఎక్కడికైనా వెళుతుంది. కనీసం మూడు అమ్మకాలు దొరికితే మధ్యదాన్ని పట్టుకోండి. ఎనామెల్ పెచ్చు లేచినా, ముల్లు మార్చినా, పాలిష్ పెట్టినా దిగాల్సిందే. అసలు అట్ట ఉంటే పెరుగుతుంది. రంగు తర్వాత నింపారేమోనన్న అనుమానం వస్తే చీకట్లో అతినీల కాంతి టార్చ్ వేసి చూడండి. కొత్త రెసిన్ చాలాసార్లు పక్క రంగుకంటే వేరేలా మెరుస్తుంది.

బయటి దేశం నుంచి తెప్పిస్తే తపాలా ఖర్చూ సుంకమూ కలిపే లెక్క వేయండి. "గిఫ్ట్ అని రాయించండి, సుంకం పడదు" అనేది పాత మాట, ఆ వెసులుబాటు 2019 డిసెంబరులోనే తీసేశారు.

మార్పిడిలో మర్యాదలు ఏమైనా ఉన్నాయా?

ఎదుటివారి పిన్నును ముట్టుకునే ముందు అడగండి. పట్టుకుంటే అంచులు పట్టుకోండి. లోపం ఉంటే మీరే ముందు చెప్పండి. పోస్టులో మార్చుకుంటే కొత్తవాళ్లు ముందు పంపడం ఆనవాయితీ, ఇద్దరూ కొత్తవాళ్లయితే ఒకే రోజు పంపి రసీదుల ఫొటోలు మార్చుకోండి. పిల్లల దగ్గర మంచి పిన్ను చూసి రెండు మెరుపు పిన్నులకు మార్చేసుకునే పెద్దమనుషులు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. అది సేకరణ అనిపించుకోదు.

మా ఇంటికి సముద్రం రెండు కిలోమీటర్లు. పిన్నులు నల్లబడుతున్నాయి, పచ్చ పడుతున్నాయి. ఏం చేయాలి?

బెసంట్ నగర్, శాంథోం, తిరువొత్తియూరుల్లో ఇది మామూలే. గాలిలోని ఉప్పు తేమతో కలిసి పూతలోని సన్న రంధ్రాల గుండా కిందికి దిగుతుంది. ఇనుముంటే ఎర్ర తుప్పు, ఇత్తడీ రాగీ ఉంటే పచ్చ చిలుము. కానీ సగం నష్టం గాలివల్ల కాదు, మనం పెట్టిన చోటు వల్లే.

మెత్తటి పీవీసీ జేబుల ఆల్బమ్, కొత్త రెక్సిన్ వాసన వచ్చేది, హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఇత్తడి మీద జిగటగా పచ్చదనం వస్తే కారణం అదే. రబ్బరు బ్యాండులు, మామూలు రబ్బరు బిగింపులు, ఉన్ని గుడ్డ గంధకం వదిలి వెండిని నల్లబరుస్తాయి. కార్క్ బోర్డు, చెక్క అలమార ఆమ్లపు ఆవిరి వదులుతాయి, ఇనప బీరువా వాటికంటే మేలు. బీరువాలో చీరల కోసం కలరా ఉండలు వేస్తే మాత్రం పిన్నులు అక్కడ పెట్టకండి. వాటి ఆవిరి ప్లాస్టిక్‌నూ ఎపాక్సీనీ మెత్తబరుస్తుంది.

చేయాల్సింది ఇది. గాలి దూరని మూతతో, కింద 5 అని ముద్ర ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా తీసుకోండి. లోపల తెల్ల పాలిథిన్ ఫోమ్ పలక పరిచి పిన్నులు గుచ్చండి, ఒకదానికొకటి తగలకూడదు. అయిదు లీటర్ల డబ్బాకు 50 గ్రాముల సిలికా జెల్ పెట్టి, పక్కన చిన్న తేమ మీటరు ఉంచండి. అది 50 శాతం దాటకూడదు. జెల్ గింజల రంగు మారాక ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ ఉంటుంది, వంటకు వాడే ఓవెన్‌లో దాన్ని పెట్టకండి, నారింజ నుంచి ఆకుపచ్చకు మారే రకం కొనండి.

ఇంకో పొరపాటు: ఏసీ గదిలో ఉన్న డబ్బాను వరండాలోకి తెచ్చి వెంటనే తెరవడం. చల్లటి లోహం మీద క్షణంలో నీరు పడుతుంది. మూత తీయకుండా గంటసేపు ఉంచి, ఆ తర్వాత తెరవండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా డబ్బాలు నేల మీద ఉంచవద్దని చెన్నైవాళ్లకు చెప్పనక్కర్లేదు, 2015 వరదలు చూసినవాళ్లే.

చింతపండుతో తోమితే మెరుస్తుందిగా?

మెరుస్తుంది, దాంతో విలువ పోతుంది. చింతపండు, నిమ్మచెక్క, ఇత్తడి పొడి, విభూతి ఇవన్నీ దేవుడి సామాన్లకు సరిపోతాయి. పిన్ను మీద ఉన్న పూత మైక్రాన్లలో ఉంటుంది. పుల్లటి రసం గట్ల పక్కన చేరి మిగిలిపోయి, నెల తర్వాత అక్కడే చిలుము మొదలవుతుంది.

స్వేదనజలంలో ఒక చుక్క మెత్తటి సబ్బు, పసిపిల్లల బ్రష్షు, తర్వాత శుభ్రమైన స్వేదనజలం, మెత్తటి గుడ్డతో అద్ది, ఫ్యాను కింద గంట. అంతే. స్పిరిట్‌తో తుడవకండి, అచ్చువేసిన రంగు ఊడొచ్చు, ఎపాక్సీ మసకబారొచ్చు. పచ్చ చిలుముకు లిక్విడ్ పారఫిన్ చుక్కవేసి రెండు మూడు రోజులు ఉంచి, వెదురు పుల్లతో మెల్లగా ఎత్తండి. కొబ్బరినూనె, వేరుశనగ నూనె వద్దు, కాలం గడిస్తే పులిసి ఆమ్లమవుతాయి. పాత ఇత్తడి మీది సమానమైన గోధుమరంగు చాయ మురికి కాదు, దాన్ని వదిలేయండి.

ముల్లు ఊడింది. అతికించొచ్చా?

సాఫ్ట్, హార్డ్ ఎనామెల్ పిన్ను మీద టంకం పెట్టకండి, రెసిన్ మాడుతుంది. పెట్టుకోవడానికే అయితే బల్లపరుపు పాదమున్న ముల్లును ఎపాక్సీతో అతికించండి, మార్చుకునేటప్పుడు ఆ సంగతి చెప్పండి. గ్రెయిల్ అయితే ఊడినది ఊడినట్టే, ముల్లుతో సహా చిన్న సంచిలో.

గ్రెయిల్‌ను పెట్టుకుని తిరగొచ్చా?

తాళం బిగింపు, అంటే పైకి లాగితే తప్ప ఊడనిది వాడండి. లోకల్ రైల్లో అయితే అదీ వద్దు.

పోస్టులో ఎలా పంపాలి?

బిగింపు తీసి, ముల్లు చిన్న థర్మకోల్ ముక్కలో గుచ్చండి. జిప్ సంచిలో వేసి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి టేపు చుట్టి, చిన్న పెట్టెలో పంపండి. కవరులో పంపితే ముల్లు బయటకు పొడుచుకొస్తుంది, ముద్ర వేసే యంత్రంలో పిన్ను వంగుతుంది. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసింది. స్పీడ్ పోస్టే బుక్ చేసి, విలువైనదైతే బీమా కూడా అడగండి.

చట్టం ఎక్కడ అడ్డుపడుతుంది?

చారిత్రక ఆసక్తి ఉండి నూరేళ్లు నిండిన వస్తువు 1972 చట్టం కింద పురావస్తువు కావచ్చు. అలాంటిదాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. 1908 నాటి రైల్వే బిళ్లను విదేశీ సేకర్త ఎంత అడిగినా ముందు ఇది చూసుకోండి. సైనిక బ్యాడ్జీని పెట్టెలో దాచుకోవడం ఒకటి, సైనికుడినని నమ్మించేలా పెట్టుకుని తిరగడం మరొకటి, రెండోది నేరం. ప్రస్తుతం వాడుకలో ఉన్న రైల్వే కూలీ బిళ్ల ఆ మనిషి లైసెన్సుకు గుర్తు, ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.

మేమే ఒక పిన్ను చేయించుకోవాలనుకుంటున్నాం. ఏం చెప్పి చేయించాలి?

30 మిల్లీమీటర్ల కొలత, ఇత్తడి, హార్డ్ ఎనామెల్, గట్టు మందం 0.25 మిల్లీమీటర్లకు తగ్గకుండా, వెనక రెండు ముళ్లు. ఒక్క ముల్లయితే పిన్ను గిర్రున తిరుగుతుంది. తెలుగు అక్షరాలకు ఈ గట్టు మందం పెద్ద చిక్కు: తలకట్టు, గుడి, ఒత్తు ఒకదాన్నొకటి ఆనుకుని ముద్దగా పూడుకుపోతాయి. అక్షరం ఎత్తు కనీసం 4 మిల్లీమీటర్లు ఉంచండి, ఒత్తుకు కింద విడిగా చోటివ్వండి. చాలామంది తయారీదారులు 50కో 100కో తక్కువ చేయరు, అచ్చు ఖర్చు విడి. నమూనా ఫొటోలో అంచులు, వెనక వైపు కూడా చూపించమనండి. మూడు సింహాల గుర్తు వేయించకండి, దాని వాడకం మీద 2005 చట్టం ఉంది.

ఇంట్లో పాత బిస్కెట్ల డబ్బా నిండా పిన్నులు దొరికాయి. మొదట ఏం చేయాలి?

కడగకండి, విడదీయకండి. ఏది దేని పక్కన ఉందో ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి. డబ్బాలో ఉన్న కాగితం ముక్క, రిబ్బను, రసీదు ఏదీ పారేయకండి, చాలాసార్లు కాలం చెప్పేది అవే. తర్వాత ఒక్కోదానికీ ముందూ వెనకా ఫొటో, కొలత, బరువు, అయస్కాంతానికి అతుక్కుందో లేదో రాయండి. ఎవరిదో, ఏ ఉద్యోగంలో వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను ఈ వారమే అడిగి, వాళ్లు చెప్పిన మాటల్లోనే తేదీ వేసి రాసిపెట్టండి. అమ్మే ఆలోచన ఉన్నా కొనడానికి వచ్చిన మొదటి మనిషికి అందులోంచి "ఈ ఒక్కటి" ఏరి ఇవ్వకండి. అతను ఏరిన ఆ ఒక్కటి ఏమిటో ముందు తెలుసుకోండి.